డొల్ల బండల బడి

పోయిన నెల బద్వేలులో మా చిన్నమ్మ ఇంటికి పోయాను. ఆమె మనవరాలి పెండ్లి పనులు జరుగుతున్నాయి. మధ్యాహ్నం ఓళిగలు తిని, అందునా వద్దంటున్నా నెయ్యి పోయించుకుని తిని, మిద్దె మీది గదిలో బండల మీద ఒట్టి చాప వేసుకుని పడుకున్నాను. పరుపు వేస్తామని వాళ్లు ఎంత చెప్పినా వినలేదు. ఎండాకాలంలో నల్లబండ ఇచ్చే చల్లదనం ఏ మిషనూ ఇవ్వదని నా మొండి నమ్మకం. మా పిల్లలు దాన్ని చాదస్తం అంటారు, అననీ.

కన్ను మూతపడే వేళకు చెంప కింద బండ అదిరింది. దడ్, దడ్, కాస్త ఆగి మళ్లీ దడ్. తాళమే, సందేహం లేదు. చెవికి మాత్రం ఏ పాటా వినపడలేదు. లేచి పక్కగదిలోకి తొంగిచూస్తే ఇద్దరు ఆడపిల్లలు పెండ్లిలో ఆడబోయే ఆటకు అడుగులు నేర్చుకుంటున్నారు. ఫోనుకు తగిలించిన తీగను చెరొక చెవిలో పెట్టుకున్నారు. పాట వాళ్లిద్దరిదే, నాకు అందింది బండలోంచి వచ్చిన అడుగు మాత్రమే.

"ఏం పెద్దమ్మా, నువ్వూ ఆడతావా?" అంది వాళ్లలో గడుసుది.

"ఆడినదాన్నే. మీరు పుట్టకముందు," అన్నాను. నా మోకాళ్ల వైపు చూసి ఇద్దరూ నవ్వారు.

వాళ్లకు ఏం తెలుసు. ఆ ఇంట్లోనే మా అక్క ఉయ్యాలలు ఊపుతూ, అంట్లు తోముతూ పెరగవలసింది. ఒక గోడౌను నేల అడ్డం పడి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం ఇక నాకు నిద్ర పట్టలేదు.

మా ఊరు వేంపల్లెకు పోయే దారి పక్కనే ఉన్నా, బస్సు ఆగడం ఆగకపోవడం డ్రైవరు దయ. ఊరి చివర ఒక శెనక్కాయల గోడౌను ఉండేది. దాని ఆసామి వ్యాపారం చితికిపోయి ఎటో వెళ్లిపోయాడు. మూటలకు చెమ్మ తగలకుండా, చెదలు పట్టకుండా, మోకాలెత్తున రాతికట్టలు కట్టి వాటి మీద నల్లబండలు పరిపించి పోయాడు. బండల కింద అంతా డొల్ల. మూటల బండి లోపలికి రావడానికి ముందువైపు వాలుగా ఒక పెద్ద బండ దిగవేసి ఉండేది. మెట్లు లేవు.

మెట్లు లేకపోవడమే ఆ గోడౌను అదృష్టం. కర్నూలు నుంచి ఒక భార్యాభర్తా వచ్చి దాన్ని బాడుగకు తీసుకుని బడి పెట్టారు. ఆయన మాకు సారు, ఆమె టీచరమ్మ. ఇద్దరూ కర్నూల్లో ఒక పెద్ద బడిలో పాఠాలు చెప్పేవాళ్లట. కాలు చచ్చుబడిన ఒక పిల్లవాణ్ణి, మెట్లు ఎక్కలేడు కదా అని అక్కడ చేర్చుకోలేదట. ఆ పొద్దే ఇద్దరూ సంచులు సర్దుకుని బయటికి వచ్చేశారని టీచరమ్మ చెప్పేది. ఆమె ఆ మాట చెప్పినప్పుడల్లా సారు పక్కనుంచి, "జీతాలు గూడా సరిగా ఇయ్యల్యాలే," అని నవ్వేవాడు. రెండూ నిజమే అయ్యుంటాయి.

మొదట్లో ఆ బడిలో చేరింది వేరే బడులు వద్దన్న పిల్లలే. నాలుగు నెలలు గొర్రెల వెంట పోయి నాలుగు నెలలు కనపడేవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, పోలియో వచ్చిన పిల్లవాడు ఒకడు. ఆ తర్వాత ఊరవతలి కింది గేరి పిల్లలు వచ్చారు, సాయిబుల ఇండ్ల పిల్లలు వచ్చారు. చివరికి, బడిలో బొమ్మలు వేయిస్తారని విని, పెద్దిండ్ల పిల్లలు కూడా అమ్మానాన్నలతో కొట్లాడి వచ్చారు. మా అక్క మొదటివాళ్లలోనే ఉంది. పసితనంలో విషజ్వరం వచ్చి ఆమెకు చెవులు పోయాయి. మాట కూడా రాలేదు. ఆమె కొంగు పట్టుకుని పోయే తోకను నేను. అక్క పోతే నేనూ పోతానని ఏడ్చి చేరాను.

బడిలో అడుగు పెడితే ముందు శెనక్కాయల దుమ్ము వాసన తగిలేది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు. వాన పడితే ఆ వాసనకు తడిమట్టి కలిసి మధ్యాహ్నం కాకముందే ఆకలి పుట్టేది. ముందు వరస, వెనక వరస అనేవి లేవు, గుండ్రంగా కూర్చునేవాళ్లం. లెక్కలు ముగ్గుల్లో నేర్చుకున్నాం. భిన్నాలు నాకు ఈనాటికీ ముగ్గుచుక్కలుగానే కనపడతాయి. పెన్నేరు పాఠం వచ్చినప్పుడు సారు మాతో వాకిట్లో బంకమట్టితో ఏరు చేయించి కడవతో నీళ్లు పోయించాడు. నీళ్లు సముద్రం దాకా పోకుండా దారిలోనే ఇంకిపోయాయి. "సరిగ్గా మన ఏరు మాదిరే చేసినారే," అని ఆయన దాన్నే పాఠం చేశాడు.

నేల మాత్రం అందరికీ విసుగే. ఎవరు నడిచినా ధణధణమని మోగేది. సందుల్లోంచి బలపాలు, గోళీలు, ఒకసారి సారు కళ్లద్దాల కాడ కూడా లోపలికి జారిపోయాయి. చీపురుపుల్ల కొనకు తుమ్మబంక పూసి వాటిని పైకి లాగడం మాకు పెద్ద వేట. ఒకరి బలపం కోసం దించిన పుల్లకు ఇంకొకరి గోళీ వస్తే ఆ పూటంతా తగువు. అప్పుడప్పుడూ తేలు కూడా వచ్చేది. వచ్చే వేసవిలో కిందంతా ఇసుక పోయించి ఈ మోత మాన్పిస్తానని సారు ప్రతి నెలా అనేవాడు. డబ్బు చాలక ఆగిపోయేది.

ఊళ్లో అక్కను అందరూ చెవిటిపిల్ల అనేవాళ్లు. చెడ్డ ఉద్దేశంతో కాదు, అలవాటుగా. బడిలో మాత్రం ఎవరినైనా పేరుతోనే పిలవాలి. నవ్వుతూ ఉండే టీచరమ్మ ఆ ఒక్క విషయంలో కఠినంగా ఉండేది. మా నాయన తల్లిని మేం జేజి అనేవాళ్లం. ఆమె ఒకసారి బడి గుమ్మంలోకి వచ్చి, "మా చెవిటిది యాడుండాది?" అని అరిచింది.

"ఆ పేరుతో ఈడ ఎవురూ లేరే జేజీ. కూచో, మజ్జిగ తాగు," అంది టీచరమ్మ.

జేజి మజ్జిగ తాగింది. లోటా కింద పెట్టి కాసేపు గోడ మీది బొమ్మలు చూసింది. తర్వాత అక్కను పేరు పెట్టి అడిగింది. ఆ పేరు జేజి నోట వినడం నాకు అదే మొదలు. అక్కకు ఇష్టం ఉండదని దాన్ని ఇక్కడ రాయడం లేదు.

అదే జేజి మా మధ్యాహ్నం తిండి గురించి విని ఇంట్లో పెద్ద రభస చేసింది. బడిలో ఎవరి గిన్నె వాళ్లు తినకూడదు. అన్నీ తెచ్చి ఒక పెద్ద పళ్లెంలో సర్ది, అందరూ అన్నీ తినాలి. ఒకరి సంగటి, ఒకరి కొర్రన్నం, ఒకరి జొన్నరొట్టె, సాయిబుల పిల్ల తెచ్చే పుల్లటి ఖట్టా. "ఎవురెవురి ఇండ్ల కూడో యాంటికి కలుపుకోని తింటారు మే?" అని జేజి నా మీద లేచింది. నేను అప్పటికే గడుసుదాన్ని. "మన ఇంటి ఊరిమిండే బాగుందని అందురూ అంటాండారు జేజీ, మన వంతు శానా తొందరగా అయిపోతాది," అన్నాను. మరునాటి నుంచి ఊరిమిండి, అదే శెనక్కాయల పచ్చడి, రెండింతలు రోట్లో పడింది. కులం మాట జేజి మళ్లీ ఎత్తలేదని చెప్పను, ఎత్తింది. కానీ గిన్నె మాత్రం నిండుగానే వచ్చేది.

అక్క సైగలు బడి మొత్తానికీ వచ్చేశాయి. టీచరమ్మ పాఠంగా పెట్టి నేర్పింది, ముందు తాను అక్క దగ్గర నేర్చుకుని. దానివల్ల ఆమెకే నష్టం జరిగింది. మౌనంగా ఉండమని మమ్మల్ని కూర్చోబెట్టే వేళలో బడి అంతటా వేళ్లే కబుర్లు చెప్పుకునేవి. పరీక్షల్లో గది ఈ మూల నుంచి ఆ మూలకు జవాబులు నడిచిపోయేవి. టీచరమ్మ చూసేది, ఆమెకూ సైగలు వచ్చు కదా. "ఆ జవాబు తప్పు," అని తనూ సైగ చేసి తల దించుకునేది.

చెక్కల తాత వచ్చింది ఆ రోజుల్లోనే. చెక్కభజన నేర్పే గురువు ఆయన. రెండు చేతుల్లో గలగలలాడే చెక్కలు, కాళ్లకు గజ్జెలు, వరసలు కట్టి, గుండ్రంగా తిరిగి, గురువు అడుగు మార్చమన్నప్పుడల్లా అందరూ ఒక్కసారిగా మార్చాలి. ఆయన మగపిల్లలకు నేర్పుతానని వచ్చాడు. ఆడపిల్లలని చూసి మొహం చిట్లించాడు. అందులో ఒక పిల్లకు వినపడదని తెలిసి చెక్కలు మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

"చెవుల్లేని బిడ్డకు తాళం ఎట్ల చెప్పేది తల్లీ? నేను మంత్రగాణ్ణి కాదు గదా," అన్నాడు.

"మా బడిలో ఆడితే అందురూ ఆడాల తాతా. ల్యాకుంటే ఆట ఒద్దులే, రొట్టె తిని పోదువు," అంది టీచరమ్మ.

రొట్టె తింటూ తాత మెత్తబడ్డాడు. జొన్నరొట్టెలోకి ఆ పొద్దు మా జేజి ఊరిమిండి ఉండింది, ఆ ఘనత జేజిదేనని నా లెక్క. కాలు నడవని పిల్లవాడికి కూర్చుని వాయించేలా తాళాలు ఇచ్చాడు. మా అక్కను, "వెనక నిలబడి చూడనీ," అన్నాడు.

నెల తిరిగేసరికి అక్క ముందు వరసలోకి వచ్చింది. మేం తడబడే చోట ఆమె తడబడేది కాదు. తాత భుజాలు చూసి అందుకుంటోందని మేమంతా అనుకున్నాం. అయితే గుండ్రంగా తిరిగేటప్పుడు ఆమె వీపు తాత వైపు ఉన్నా అడుగు సరిగ్గానే మారేది. తాతే ఆట ఆపి, నోరు తెరుచుకుని ఆమెను చూశాడు. ఈ సంగతి నేనే ఇంటికి మోసుకుపోయాను.

జేజి చేతిలోని చేట జారిపోయింది. వెంటనే దేవుడి పటం వైపు తిరిగి దణ్ణం పెట్టింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. "మా పాపకు వినపడతాండాది. గజ్జెల మోతకు సామి చెవులు తెరిపించినాడు," అని జేజి గడప గడపకూ పోయి చెప్పి వచ్చింది. తిరునాళ్లకు నూటొక్క టెంకాయ కొడతానని మొక్కుకుంది.

నాయన నమ్మలేదు. నమ్మకుండా ఉండనూ లేకపోయాడు. ఆయనది బండల పని. గని నుంచి వచ్చిన బండను సుత్తితో తట్టి, చెవి ఒగ్గి, బీట ఉందో లేదో చెప్పేవాడు. ఇంట్లో అక్క వీపు వెనక నిలబడి పళ్లెం మోగించడం నేను చూశాను. అక్క పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూనే ఉంది, తిరగలేదు. ఆయన పళ్లేన్ని మెల్లగా గోడకు ఆనించి బయటికి పోయాడు.

"బడిలో వినపడేది ఇంట్లో యాంటికి వినపడదు?" అని జేజిని అడిగాడు.

"గజ్జెల కాడ దేవుడుంటాడు గానీ, నీ పళ్లెం కాడ ఉంటాడా?" అంది జేజి.

ఆ తొందర ఆయనకు ఊరికే కాదు. బద్వేలు చిన్నమ్మ అప్పటికే కబురు పంపింది. ఆమెకు కవల పిల్లలు. అక్కను పంపితే బిడ్డలను ఆడిస్తుంది, తిండికీ గుడ్డకూ లోటుండదు, ఎట్లాగూ వినపడని పిల్లకు చదువు ఏం వస్తుంది అని. చిన్నమ్మ చెడ్డది కాదు, అప్పుడు అందరూ అలాగే అనుకునేవాళ్లు. నాయన వెంటనే సరే అనలేదు. "తిరునాళ్ల కానీ. ఆ పొద్దు ఆటలో చూస్తా. వినపడేటట్టుంటే బడిలోనే ఉంటాది, ల్యాకుంటే బద్వేలు," అన్నాడు.

అక్క ఆ మాటలను పెదవుల మీదే చదువుకుంది. ఆ రాత్రి దుప్పటి కింద నా అరచేతిలో వేలితో బద్వేలు అని రాసి, కొట్టేసింది.

తిరునాళ్లకు ముందు ఒక సాయంత్రం గుడి ముందర ఒకసారి ఆడి చూసుకోవాలని తాత అందరినీ పిలుచుకుపోయాడు. జేజి చాటింపు పుణ్యమా అని సగం ఊరు వచ్చింది. నాయన వేపచెట్టు కింద తువాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. గుడి ముందు మెత్తటి దుమ్మునేల. వరసలో ఉన్నంతసేపూ అక్క బాగానే ఆడింది. వలయం తిరిగింది. అక్క వీపు తాత వైపు వచ్చింది. అడుగు మారింది. మేమంతా మార్చాం, అక్క మార్చలేదు. పక్కపిల్లకు గుద్దుకుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే చోట తప్పింది. మూడోసారి చెక్కలు గుండెకు ఆనించుకుని అలాగే నిలబడిపోయింది.

"వినపడతాందన్నారే," అని ఎవరో ఒకాయన నవ్వాడు. "దేవుడు ఇంగా రాల్యా ఏమోప్పా," అని ఇంకొకాయన. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నాయన వైపు చూశాను. ఆయన అప్పటికే మాకు వీపు తిప్పి నడుస్తున్నాడు.

ఆ రాత్రి అందరం తినడానికి కూర్చున్నాం. "తిరునాళ్ల అయిన మర్సటి దినం బస్సెక్కిస్తా," అన్నాడు నాయన, సంగటి ముద్ద వైపు చూస్తూ. అమ్మ అక్క తలకు నూనె రాసింది, అవసరం లేకపోయినా చాలాసేపు రాసింది. జేజి దేవుడి పటం వైపు చూడనే లేదు. అక్క ఏడవలేదు. ఏదో తప్పిపోయిన వస్తువును గుర్తు చేసుకుంటున్నట్టు గోడకు ఆనుకుని కూర్చుంది.

మరునాడు బడికి పోగానే అక్క నా చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. గోడ వైపు నిలబెట్టింది. నా రెండు చెవుల్లో నా వేళ్లనే గట్టిగా పెట్టించి, కళ్లు మూసింది. తర్వాత అటు చివర ఉన్న తాతనూ పిల్లలనూ ఆడమని సైగ చేసినట్టుంది. ముందు నాకు ఏమీ తెలియలేదు. తర్వాత అరికాళ్ల కింద బండ పలికింది. ధణ్, ధణ్, ధణ్. అది పాదాల్లోంచి మోకాళ్లకు, నడుముకు ఎక్కింది. తాత అడుగు మార్చడానికి ముందు కర్రతో నేల మీద ఒక పోటు పొడిచేవాడు. అది కూడా వచ్చింది, మిగతా మోతల కంటే లోతుగా. నేను కళ్లు మూసుకునే అడుగు మార్చాను. వేళ్లు తీసి చూస్తే అక్క నవ్వుతోంది. నిన్నటి నుంచి వెతుకుతున్నది దొరికినట్టుంది ఆమె మొహం.

అది మా అందరి తెలివితక్కువతనం. ఇన్నాళ్లూ ఆమె వింటున్నది నేలతోనని ఒక్కరికీ తట్టలేదు. నేల మోతను తిట్టుకుంటూ, కింద ఇసుక పోయించాలని చూశాం. అక్కకు కూడా, ఆ నేల కాళ్ల కింద లేనిరోజు దాకా, తాను దాంతో వింటున్నానని తెలియదు. అందరికీ అలాగే తెలుస్తుందనుకుందట. టీచరమ్మ బండ మీద చెంప ఆనించి పడుకుని మమ్మల్ని మళ్లీ మళ్లీ ఆడించింది. లేచాక ఆమె చెంపకు శెనక్కాయల దుమ్ము అంటుకుని ఉంది, కళ్లు తడిగా ఉన్నాయి. సారు మాత్రం ఇసుక మాట ఆ తర్వాత ఎత్తలేదు.

టీచరమ్మ అప్పటికప్పుడు నాయన పనిచేసే చోటికి పోయింది. వెనక నేను, అక్క. నాయన సుత్తితో బండలు తట్టుతున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు, సుత్తి ఆపకుండానే.

"టీచరమ్మా, నా పని సూస్తాండారు గదా," అన్నాడు చివరికి. "ఈ రాయన్నా తడితే పలుకుతాది. నా బిడ్డను ఎన్ని తూర్లు పిలిచినా తిరగదు. ఒకతూరి ఆశ పెట్టుకున్యా, సాలు. ఇంగ నన్ను ఆశ పెట్టొద్దండి."

"ఆశ పెట్టేకి రాల్యా అన్నా. ఒకతూరి వచ్చి నువ్వే తట్టి సూడు," అంది ఆమె.

ఆయన ఇంకో బండ మీదికి వంగాడు. ఆదివారం బడికి సెలవు. అక్కా నేనూ గోడ మీది బొమ్మకు రంగు పూర్తి చేయాలని పోయాం. గుమ్మంలో నీడ పడితే చూశాను. నాయన. ఆ బడిలోకి ఆయన రావడం అదే మొదలు. చెప్పులు విడిచి, వాలుబండ ఎక్కి లోపలికి వచ్చాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అటు చివర అక్క గోడ వైపు తిరిగి కుంచెతో నీలం పూస్తోంది. నాయన కాసేపు తటపటాయించాడు. తర్వాత కాలెత్తి నేల మీద ఒక్కసారి తట్టాడు.

అక్క వెనక్కి తిరగలేదు. కుంచె పట్టుకున్న చెయ్యే పైకెత్తి, ఒక వేలు చూపింది. తట్టింది నేనే అనుకుంది కాబోలు, ఆటగా. నాయన రెండుసార్లు తట్టాడు. రెండు వేళ్లు లేచాయి. నాయన గోడ పట్టుకున్నాడు. అలాగే కింద కూర్చుని, రెండు అరచేతులూ బండ మీద పరిచి ఉండిపోయాడు. అక్క తిరిగి చూసేసరికి ఆయన వాలుబండ దిగి పోతున్నాడు, చెప్పులు అక్కడే మరిచిపోయి.

తిరునాళ్ల నాటి మధ్యాహ్నం గుడి ముందుకు ఒక ట్రాక్టరు వచ్చింది. దాని నిండా నల్లబండలు. నాయన, ఆయనతో పనిచేసేవాళ్లు దిగి, దుమ్ములో మోకాలెత్తున రాళ్లు పేర్చి, వాటి మీద బండలు పరచడం మొదలుపెట్టారు. ఒక్కో బండనూ నాయన తట్టి చూసి వేయించాడు. చెక్కల తాత వచ్చి గొణిగాడు.

"మా తాతల కాలం నుంచి మట్టి మీదే ఆడినాం గదప్పా. ఇదేం కొత్త?"

"నా బిడ్డకు ఇనపడాల గురువా," అన్నాడు నాయన.

ఆ సాయంత్రం ఆట గురించి నేను ఎక్కువ చెప్పలేను. ఆడేవాళ్లకు ఆట కనపడదు. బొరుగుల వాసన, కర్పూరం వాసన, గ్యాసులైట్ల చుట్టూ పురుగులు గుర్తున్నాయి. కాళ్ల కింద బండలు మా బడిలో మోగినట్టే మోగాయి. వలయం తిరిగినప్పుడు అక్క నా ఎదురుగా వచ్చింది, తాత ఆమె వీపు వెనక ఉన్నాడు. కర్ర పోటు పడింది. అక్క నా కంటే ముందే అడుగు మార్చింది. జనం మెడలు చాచి చూశారు. మొన్న నవ్వినాయనే చివర్లో గట్టిగా ఈల వేశాడు, అది కూడా చెప్పాలి.

జేజి మొక్కు చెల్లించుకుంటానని పట్టుబట్టింది. చెవులు రాలేదు కదా అని అమ్మ అంటే, "చెవుల్లోనే ఇయ్యాలని నేనేమన్నా చెప్పినానా? పాదాల్లో ఇచ్చినాడు," అని టెంకాయలన్నీ కొట్టించింది. ఆ తర్వాత వారం రోజులు మా పళ్లెంలో కొబ్బరి చట్నీ తప్ప ఏమీ లేదు. బద్వేలుకు నాయనే కబురు పంపాడు, బిడ్డ చదువుకుంటాండాదని.

గుడి ముందు బండలను నాయన తిరిగి అమ్మకానికి వేయలేదు. మా ఇంట్లో అలికిన మట్టినేల తవ్వించి, కింద డొల్ల ఉంచి, గడప నుంచి వంటింటి దాకా వాటినే పరిచాడు. అప్పటి నుంచి ఆయన ఇంటికి రాగానే గుమ్మంలో కాలితో రెండుసార్లు తట్టేవాడు. వంటింట్లో ఏ పనిలో ఉన్నా అక్క చెంబుతో నీళ్లు తీసుకుని పరుగెత్తుకు వచ్చేది. ఆయన అంతకు ముందు ఇంట్లోకి ఊరికే వచ్చేవాడు, ఎవరినీ పిలిచేవాడు కాదు. ఈ నేల వచ్చాక ఏదో మరిచిపోయినట్టు బయటికి పోయి, మళ్లీ వచ్చి తట్టడం నేను చాలాసార్లు చూశాను.

అక్క చదువు ముగించుకుని ఆ బడిలోనే బొమ్మల టీచరు అయింది. చాలా ఏండ్లు నడిచింది బడి. తర్వాత ఊళ్లోకి పచ్చ బస్సులు, పసుపు బస్సులు రావడం మొదలై, టై కట్టుకున్న పిల్లలను వేంపల్లెకు ఎక్కించుకుపోయాయి. మా పళ్లెం చుట్టూ గుండ్రం చిన్నదయింది. సారు పోయాక టీచరమ్మ కొంతకాలం లాగింది, తర్వాత ఆమె వల్ల కాలేదు. గోడౌను పడగొట్టారు. అక్కడ ఇప్పుడు కల్యాణ మండపం ఉంది, నేలకు మెరిసే పాలరాయి పరిచారు. ఒకసారి పెండ్లికి పోయి, ఎవరూ చూడకుండా కాలితో తట్టి చూశాను. ఏమీ పలకలేదు.

బద్వేలు నుంచి కర్నూల్లోని మా ఇంటికి నేరుగా పోవలసినదాన్ని, ఆ ఇద్దరు పిల్లల అడుగులు విన్నాక అక్కను చూడాలనిపించి మా ఊరి బస్సు ఎక్కాను. అక్క నాయన బండలు పరిచిన ఆ పాత ఇంట్లోనే ఉంటుంది. సాయంత్రాలు వీధి పిల్లలు వచ్చి ఆమె దగ్గర బొమ్మలు వేస్తారు, ఎగురుతారు, తగవులాడతారు. ఎవరు ఏ మూల ఏం చేస్తున్నారో ఆమెకు తల తిప్పకుండానే తెలుస్తుంది. వస్తున్నానని నేను ఫోనులో ముందుగా రాయలేదు.

పోయేసరికి తలుపు తెరిచే ఉంది. ముందుగదిలో ఎవరూ లేరు, వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. చెప్పులు విడిచాను. ఎప్పుడూ లోపలికి పోయి భుజం మీద చెయ్యి వేసేదాన్ని, ఆ పొద్దు ఎందుకో గుమ్మంలోనే నిలబడి కాలితో రెండుసార్లు తట్టాను.

లోపల గరిటె కింద పడిన చప్పుడు. అక్క చెంబుతో నీళ్లు తీసుకుని వచ్చింది. ఆ వయసులో అంత వేగంగా రావడం నేను చూడలేదు, నీళ్లు సగం దారిలోనే ఒలికిపోయాయి. నన్ను చూసి ఆగింది. ఆగి, నా భుజం మీదుగా బయటి వాకిట్లోకి చూసింది. నాయన పోయి ఎన్నో ఏండ్లయింది.

తర్వాత నవ్వి, చెంబు నా చేతికి ఇచ్చింది.